కడిగిన బ్యాటరీ

తాళం తిప్పితే బండి ఒకసారి టక్‌మని ఊరుకుంది. డ్రైవరు తాళం వెనక్కి తిప్పి, కాసేపాగి, మళ్ళీ తిప్పాడు. ఈసారి ఆ చప్పుడు కూడా రాలేదు. స్టీరింగ్ ముందున్న ఎర్రదీపాలు వెలిగినట్టే వెలిగి, చమురైపోయిన దీపాల్లా కుంగిపోయాయి.

వెనకసీట్లో మేట్రనమ్మ సంచిలోంచి చేతిరుమాలు తీసి మెడ తుడుచుకుంది. పెద్దాసుపత్రిలో నర్సులందరి మీదా పెద్దగా పనిచేసి రిటైరైన మనిషి. పెళ్ళి చేసుకోలేదు. తమ్ముడింట్లో ఉంటుంది. తనతో కలిసి నైట్‌డ్యూటీలు చేసిన ఒక స్నేహితురాలు ఈ వీధిలోనే మంచంపట్టి ఉంది. ఆవిడకి మాట పడిపోయింది. మేట్రనమ్మ వారంలో రెండుసార్లు వచ్చి, ఆవిడకి తల దువ్వి, పక్కబట్టలు సర్ది, ఇద్దరి మాటలూ తనే మాట్లాడి వెళ్తుంది.

"ఏమంటుందయ్యా?" అంది.

"అలిగిందమ్మా."

"ఎవరి మీద?"

"ఎండ మీద."

"ఎండ మీద అలిగి గెలిచినవాళ్ళు లేరని చెప్పు దానికి."

డ్రైవరు దిగి, తువ్వాలు చేతికి చుట్టుకుని బానెట్ ఎత్తాడు. లోపల్నుంచి సెగ మొహానికి కొట్టింది. పొయ్యి మూత తీసినట్టుంది. బ్యాటరీ పక్కన తను కట్టిన రేకుముక్క అలాగే ఉంది, ఇంజన్ వేడి తగలకుండా కట్టింది. తీగలు బిగించే రెండు కొమ్ముల దగ్గర తెల్లగా, పచ్చగా బూజులాంటిది మళ్ళీ పొంగింది. మొన్ననే వేడినీళ్ళు పోసి బ్రష్‌తో కడిగాడు. స్పానర్ పిడితో బిగింపులను మెల్లగా తట్టి, అటూ ఇటూ తిప్పి బిగించాడు. మూతలు ఒక్కొక్కటే విప్పి లోపలికి చూశాడు. పలకల మొనలు నీళ్ళ పైకి తేలి కనిపిస్తున్నాయి. డిక్కీలో ఉన్న సీసా తెచ్చి, మొనలు మునిగేదాకా పోశాడు. ఇప్పుడు పోస్తే ఇప్పుడే లేవదని అతనికి తెలుసు. అయినా పోశాడు.

ఇల్లు చేరడం ఎలా అన్నది కాదు అతని దిగులు. సారు అన్న మాట. మేట్రనమ్మ తమ్ముణ్ణి అందరూ సారనే అంటారు. ఎండలు ముదరకముందు ఒకరోజు సారు టీ తాగుతూ, "ఇంకొక్కసారి ఇది రోడ్డు మీద ఆగిందంటే అమ్మేస్తాను. నువ్వూ వేరే చోటు చూసుకోవాలి మరి" అన్నాడు, వానొచ్చేలా ఉందన్నంత మామూలుగా. ఆ తర్వాత బండి ఆగలేదని కాదు, ఆగినట్టు తెలియనివ్వలేదు. ఎక్కడ పల్లం ఉంటే అక్కడ, జారితే అందుకునేలా ముక్కు కిందికి పెట్టి నిలిపేవాడు. ఈవేళ పల్లంలో ఇసుక లారీ అడ్డంగా నిలిచి ఉంది.

ఐస్‌డిపో దగ్గర బస్తాలు దింపుతున్న ఇద్దర్ని పిలుచుకొచ్చాడు. మేట్రనమ్మ దిగి గొడుగు విప్పింది.

"మీరు కూర్చోండమ్మా."

"పాపం వాళ్ళు బండిని తోస్తారా, నన్ను తోస్తారా? నడుస్తాలే."

బండి కింద పడుకున్న కుక్క విసుక్కుంటూ లేచిపోయింది. వాళ్ళిద్దరూ వెనక చేతులు ఆనించారు. రేకు కాలి ఒకడు చేతులు తీసి, పైబట్ట మడిచి పెట్టుకున్నాడు. డ్రైవరు కిటికీలోంచి స్టీరింగ్ పట్టుకుని తనూ తోస్తూ, బండి పరుగందుకోగానే లోపలికెక్కి, రెండో గేరులో వేసి, క్లచ్ మీంచి కాలు ఒక్కసారిగా తీశాడు. బండి ఎక్కిళ్ళు పెట్టి, పొగ చిమ్మి, అందుకుంది. గొడుగు మూసుకుంటూ మేట్రనమ్మ పరుగులాంటి నడకతో వచ్చి ఎక్కింది.

"ఇంటిదాకా ఆపకు. పోలీసు ఆపితే గుండెనొప్పి నటిస్తాలే. అంతమందిని చూశాను, ఆ మాత్రం రాదూ?"

డ్రైవరు నవ్వాడు. కాలు మాత్రం యాక్సిలరేటర్ మీంచి తీయలేదు.

ఇంటి ముందు నీడగా ఉన్న షెడ్డులో సారు కొత్తకారు గుడ్డ కప్పుకుని ఉంది. అది వచ్చిన దగ్గర్నుంచి పాతబండి పడమటి గోడవార నిలబడుతోంది. మధ్యాహ్నం ఎండా దానిదే, సాయంత్రం ఎండా దానిదే. డ్రైవరు గోనెసంచి తడిపి బానెట్ మీద కప్పుతాడు. అది ఆరిపోతుంది. మళ్ళీ తడుపుతాడు.

సారు వరండాలోనే ఉన్నాడు. బండి ఆపితే మళ్ళీ లేవదని డ్రైవరు ఇంజన్ ఆపకుండా దిగడం చూశాడు.

"మళ్ళీనా?"

డ్రైవరు బండి తలుపు మెల్లగా మూశాడు.

"మేం లేనప్పుడు లోపల ఏసీ వేసుకుని పడుకుంటున్నావా?"

"లేదండి."

"మరి ఊరికే ఎందుకు చస్తుందయ్యా బ్యాటరీ?"

"ఊరికే చావలేదురా" అంది మేట్రనమ్మ, మెట్లెక్కుతూ. "ఉడికి చచ్చింది. నీ కొత్తదానికి గొడుగు పట్టావు, దీన్ని పెనం మీద పెట్టావు. వేసవి మొదట్నించీ బ్యాటరీ మార్చమని ఈయన మొత్తుకుంటూనే ఉన్నాడు. నీ చెవికెక్కితేగా?"

డ్రైవరు తల వంచుకుని, ఇక ఆ మాట వస్తుందని చూస్తూ నిలబడ్డాడు. సారు గడ్డం గోక్కున్నాడు. బండిని ఆ చివర్నుంచి ఈ చివరిదాకా చూశాడు.

"సరే అక్కా. బ్యాటరీ మార్పిద్దాం" అన్నాడు. "రేపు పొద్దున్నే బ్యాటరీ కొట్టు జల్లెడ దగ్గరికి పట్టుకెళ్ళు. నేను ఫోన్ చేసి చెప్తాను."

డ్రైవరుకి అర్థం కావడానికి కాస్త సేపు పట్టింది. "అలాగేనండి" అన్నాడు. తర్వాత అవసరం లేకపోయినా గోనెసంచి తడిపి కప్పాడు.

*

మర్నాడు పొద్దున నల్లతీగ ముందు విప్పాడు, ఎర్రతీగ తర్వాత. పట్టీ వదులు చేసి, బ్యాటరీని పసిబిడ్డను ఎత్తినట్టు నిటారుగా ఎత్తి, సైకిల్ వెనక పెట్టి పాత ట్యూబుతో కట్టాడు. వాలితే యాసిడ్ కారుతుందని ఎక్కకుండా నడిపించుకుంటూనే వెళ్ళాడు.

జల్లెడ కొట్టు లారీలు నిలిచే మైదానం అంచున, రేకుల కింద ఉంది. నేల మీద చెక్కలు పరిచి, వాటి మీద బ్యాటరీలు వరుసగా చార్జింగ్‌కి పెట్టి ఉన్నాయి. మరగబోయే ఎసరులా సన్నగా సిరసిరమంటున్నాయి. గాలంతా పుల్లటి వాసన. యాసిడ్ చుక్కలు పడి చొక్కాలన్నీ చిల్లులు కాబట్టి కొట్టతనికి ఆ పేరు. సొంత పేరు పెట్టి పిలిస్తే వెనక్కి తిరిగి చూడడు.

"రా బావా. శవాన్ని తెచ్చావా?"

"చూసి చెప్పు."

"మోసుకొచ్చిన తీరులోనే తెలుస్తుందిలే."

అయినా చూశాడు. మూతలు విప్పి, టార్చి వేసి, రబ్బరుబుడ్డి ఉన్న గాజుగొట్టంతో ఒక్కో గదిలోంచి యాసిడ్ పీల్చి వెలుతురుకి పెట్టి పట్టుకున్నాడు. గొట్టంలో బెండులాంటిది తేలాలి. రెండు గదుల్లో సగానికి తేలింది. మూడో గదిలో అడుగునే ఉండిపోయింది. నీరు ఎర్రమట్టి కలిసినట్టుంది.

"ఏం నీళ్ళు పోశావు?"

"ఏసీ నీళ్ళు." డ్రైవరు కొంచెం ఆగి చెప్పాడు. "సారు పోయమన్నాడు. రోజూ బక్కెట్టు నిండుతున్నాయి, కొనడం ఎందుకన్నాడు. కిటికీ కింద డబ్బా పెట్టి పట్టాను. గుడ్డతో వడకట్టే పోశాను. అద్దంలా ఉండేవి."

"అద్దంలాగే ఉంటాయి. రాగిగొట్టం మీద పుట్టి, దుమ్ములోంచి జారి వచ్చిన నీళ్ళు బావా అవి. గుడ్డకి ఏం ఆగుతుంది?" జల్లెడ గొట్టం కడిగి పక్కన పెట్టాడు. "నీ తప్పేం లేదులే. ఈ ఊళ్ళో సగంమంది అదే పోస్తున్నారు. నువ్వు మానినా ఇంకో చలికాలం చూసేది కాదిది. ఎండ తినేసింది."

డ్రైవరు మూతల వైపే చూస్తున్నాడు. ప్రతివారం ఆ డబ్బా తెచ్చి, గుడ్డ పరిచి, చుక్క కింద పడకుండా పోసిన చేతులు తనవే.

"సరే, కొత్తదివ్వు. సారు ఫోన్ చేశాడా?"

"చేశాడు."

జల్లెడ లోపలికెళ్ళి ఒక బ్యాటరీ తెచ్చి చెక్క మీద పెట్టాడు. నల్లగా నిగనిగలాడుతోంది. పక్కన ఎర్ర లేబుల్. డ్రైవరు వంగి ఎత్తబోయి ఆగాడు. కొమ్ములు తళతళమంటున్నాయి. కొత్తదాని కొమ్ములు అలా మెరవవు. మసకగా ఉంటాయి, వాటి మీద టోపీలుంటాయి. ఇవి ఆకురాయి పెట్టి గీకిన కొమ్ములు.

"ఇది కొత్తది కాదు."

"నేను కొత్తదన్నానా?"

"సారు కొత్తదే ఇమ్మన్నాడుగా."

"బేరం తెగేదాకా గట్టిగా తిరిగితే చాలు, పైకి కొత్తగా కనబడాలి అన్నాడు."

"ఏ బేరం?"

జల్లెడ చేతిలోని గుడ్డ ఆగిపోయింది. "నీకు చెప్పలేదా?"

డ్రైవరు చెక్క మీద కూర్చున్నాడు. ఒక లారీ వెనక్కి వస్తూ కూత పెట్టింది. అది ఆగాక జల్లెడే చెప్పాడు.

"పాలవ్యాను తోలే అతనెవరోనట. రేపు మీ బండి చూడ్డానికొస్తాడు. ఇన్నాళ్ళూ పరాయి బండి తోలి, ఇప్పుడు సొంతంగా ఒకటి పెట్టుకుందామని."

"ఇది ఎన్నాళ్ళాగుతుంది?"

"బురద కడిగేసి, గట్టి యాసిడ్ పోశాను. ముసలాడికి మందు పట్టించినట్టే. ఇవాళ గంతులేస్తాడు. దిగింతర్వాత లేవడు. ఎండలో పెడితే ఇంకా ముందే."

"తెలిసి ఎందుకు చేశావు?"

"మీ సారు లారీలన్నీ ఇక్కడికే వస్తాయి బావా." జల్లెడ గుడ్డ దులిపి భుజాన వేసుకున్నాడు. చిల్లుల్లోంచి ఎముకలు కనిపిస్తున్నాయి. "కడుపు కూడా బ్యాటరీ లాంటిదే. రోజూ ఎండిపోతుంది, రోజూ పొయ్యాలి. ఒక్క పూట మరిచిపోతే ఊరుకోదు."

డ్రైవరు దాన్ని సైకిల్ మీద కట్టుకుని తిరిగొచ్చాడు. బండిలో దించి, ఎర్రతీగ ముందు, నల్లతీగ తర్వాత బిగించాడు. పట్టీ వేశాడు. కదులుతుందేమోనని రెండుచేతులా పట్టుకుని చూశాడు. గ్రీజు తెచ్చి రెండు కొమ్ములకీ, బిగింపులకీ సందు లేకుండా పూశాడు. అలా పూయొద్దని ఎవరూ అనలేదు, పూయమనీ అనలేదు. చేతికి అలవాటైన పని.

తాళం అలా ముట్టుకుంటే చాలు, బండి అందుకుంది. ఈ వేసవిలో ఎప్పుడూ అంత హాయిగా మోగలేదు. పైన కిటికీ తెరుచుకుంది.

"లేచిందా?" మేట్రనమ్మ గొంతు.

"లేచిందమ్మా."

"వినడానికే ప్రాణం లేచొచ్చినట్టుంది."

డ్రైవరు ఇంజన్ ఆపేశాడు.

*

సాయంత్రం అతని భార్య గుమ్మంలో కూర్చుని చొక్కాలకు దారాలు కత్తిరిస్తోంది. కుట్టుమిల్లు నుంచి మూటలుగా వచ్చేవి, అంచుల్లో వేలాడే దారాలు తీసి మడిచి పంపాలి. అతని అత్త గోడకానుకుని, కూతురు మడిచిన వాటిని ఒకదాని మీద ఒకటి పేరుస్తోంది. ఒకటే గది. మూట లోపల, మనుషులు బయట.

అతను చెప్పిందంతా భార్య కత్తెర ఆపకుండానే విన్నది.

"ఇందులో ఆలోచించేదేముంది? కొనేవాడితో చెప్పెయ్. బేరం చెడుతుంది, బండి ఉంటుంది, నీ పనీ ఉంటుంది."

"అందుకే నోరు రావట్లేదు."

"నువ్వు చెప్పేది నిజమేగా?"

"నిజమే. నాకు లాభమున్న నిజం."

"లాభముంటే నిజం కాకుండా పోతుందా? ఇదెక్కడి శాస్త్రమయ్యా?"

"ఎవరు పోయారే?" అంది అత్త.

"బ్యాటరీ పోయిందమ్మా."

"అయ్యో. వయసెంత?"

భార్య నవ్వాపుకోలేక కత్తెర కింద పెట్టింది. అతనూ నవ్వాడు. నవ్వు పోయాక ఆమె ఒక చొక్కా కాలర్ వేలితో సాపు చేస్తూ, నెమ్మదిగా అంది.

"వయసు సంగతే నేనూ అనుకుంటున్నా. నీ వయసుకి ఇంకెవరు పెట్టుకుంటారు పనిలో? పెట్టుకునేవాళ్ళు కూడా కుర్రాళ్ళనే పెట్టుకుంటారు."

అతను చొక్కా ఒకటి తీసుకుని దారాలు వెతకడం మొదలుపెట్టాడు. కళ్ళజోడు లేకుండా అవి కనబడవు. అయినా వెతికాడు.

*

"బండి శుభ్రంగా కడుగు" అన్నాడు సారు పొద్దున. కొత్తకారు అద్దంలో తల దువ్వుకుంటున్నాడు. "ఒకతను చూడ్డానికొస్తున్నాడు. నీకు ముందే చెప్దామనుకున్నా."

"అలాగేనండి."

"నిన్ను రోడ్డు మీద పడేస్తాననుకోకు. నా స్నేహితుడి గోడౌన్‌లో వ్యానుకి మనిషి కావాలట. నీ గురించి చెప్పి ఉంచాను. ఎండలో నిలబడే పని కాదు, నీడ పట్టున ఉంటావు. నా మాట పోయే పని మాత్రం చెయ్యకు."

డ్రైవరు బక్కెట్టు కింద పెట్టాడు. "మేట్రనమ్మగారికి తెలుసా అండి?"

"అక్కకి నేను చెప్తాను. నువ్వు నోరెత్తకు."

అతను బండి కడిగాడు. చక్రాల సందుల్లో మట్టి వేలితో తీశాడు. అద్దాలకి కాగితంతో మెరుగు పెట్టాడు. నిన్న సాయంత్రందాకా చెప్తే తనకి లాభం, అందుకని నోరు పెగల్లేదు. ఇప్పుడు చెప్తే నష్టం. గుడ్డ పిండుతూ ఆ సంగతి గ్రహించాడు. ఇక చెప్పడానికి అడ్డేమీ లేదు.

మధ్యాహ్నం మేట్రనమ్మ పైన కునుకు తీసే వేళకి, పాలవ్యాను డ్రైవరు భార్యని వెంటబెట్టుకుని ఆటోలో వచ్చాడు. ముప్పై దాటని మనిషి. ఇస్త్రీ చొక్కా వేసుకున్నా పాలవాసన పోలేదు. బండి చుట్టూ తిరిగి, టైర్లు వేలితో నొక్కి, కిందికి వంగి చూశాడు. భార్య ముందుసీట్లో కూర్చుంది. మళ్ళీ దిగి వెనకసీట్లో కూర్చుంది.

"ముందు కూర్చుంటే నీ పెళ్ళాన్నే. వెనక కూర్చుంటే ఓనరమ్మనయ్యాను" అంది.

"అయితే ఎక్కడికి పోనియ్యాలి ఓనరమ్మా?"

"నోరు మూసుకుని తిన్నగా పోనీ."

అతను తాళం ముట్టుకోగానే బండి లేచింది. మొగుడూ పెళ్ళాలిద్దరూ ఒకరినొకరు అద్దంలో చూసుకున్నారు. వీధి చివరిదాకా వెళ్ళొచ్చారు. సారు, "కాగితాలు తెస్తాను, చూస్తూండండి" అని లోపలికెళ్ళాడు.

పాలవ్యాను డ్రైవరు బానెట్ ఎత్తాడు. "బ్యాటరీ కూడా కొత్తదే పెట్టారే."

డ్రైవరు తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ దగ్గరికొచ్చాడు.

"బండి దేనికి పెడతావు?"

"ఫ్యాక్టరీ వాళ్ళతో మాట్లాడానన్నా. షిఫ్టు మనుషుల్ని దింపాలి, ఎక్కించుకోవాలి. సోమవారం నుంచి. ఒక్కరోజు బండి రాకపోయినా ఇంకోడికిస్తామన్నారు."

"ఎండలో నిలబడుతుందా అక్కడ?"

"గేటు బయటే. నీడెక్కడిది?"

"ఆ బ్యాటరీ కొత్తది కాదు" అన్నాడు డ్రైవరు. "పాతదాన్ని కడిగి, గట్టి యాసిడ్ పోసి, లేబుల్ వేశారు. ఎండలో నిలబెడితే వారం తిరక్కుండానే ఆగిపోతుంది. కొత్తది పెట్టి ఇమ్మను. లేకపోతే తీసుకోకు."

అతను డ్రైవరు మొహంలోకి చూశాడు. కోపమేమీ లేదు. జాలిగా నవ్వాడు.

"మీ సారు ముందే చెప్పాడన్నా. మా డ్రైవరు ఏదో ఒకటి చెప్తాడు, పని పోతుందని బాధ, మనసులో పెట్టుకోకు అని. నేనూ డ్రైవర్నే. నీ చోటులో ఉంటే అసలు ఇంజనే లేదని చెప్పేవాణ్ణి."

"పని కోసం కాదు. నాకు వేరే చోట పని చూశారు. నీకిది చెప్పినట్టు తెలిస్తే అదీ పోతుంది."

"అలాగా. ఎక్కడ?"

"గోడౌన్‌లో."

"ఏ గోడౌను?"

డ్రైవరు నోరు తెరిచి ఆగాడు. ఏ గోడౌనో అతను అడగలేదు. ఏ వీధిలో ఉందో, ఏం సరుకు దించుతారో, ఆ స్నేహితుడి పేరేమిటో ఏదీ తెలియదు.

పాలవ్యాను డ్రైవరు చూపు పక్కకి తిప్పుకున్నాడు, ఎదుటి మనిషి ఇరుక్కున్నప్పుడు మర్యాద తెలిసినవాళ్ళు తిప్పుకున్నట్టు.

"చూపిస్తానుండు" అన్నాడు డ్రైవరు. కొమ్ములు చూపిస్తే చాలు. ఆకురాయి గీతలు ఏ డ్రైవరుకైనా తెలుస్తాయి. కానీ కొమ్ముల మీద గ్రీజు దట్టంగా, నున్నగా, బిగింపులతో కలిసి ఒకే ముద్దలా ఉంది. తను పూసిందే. జేబులోంచి స్పానర్ తీసి నల్లతీగ బిగింపుకి పెట్టాడు.

పాలవ్యాను డ్రైవరు అతని మణికట్టు పట్టుకున్నాడు. గట్టిగా ఏం కాదు.

"వద్దన్నా. దాన్ని కదిలించకు."

"కదిలించడానికి కాదు..."

"తెలుసన్నా. వద్దు."

బండిలోంచి అతని భార్య తల బయటపెట్టింది. "ఏమైంది?"

"ఏం లేదు. అన్న నేర్పిస్తున్నాడు."

సారు కాగితాలతో వచ్చాడు. వచ్చేసరికి ఒకడి చేతిలో స్పానరూ, ఇంకొకడి చేతిలో ఆ చెయ్యీ ఉన్నాయి. పాలవ్యాను డ్రైవరు చెయ్యి వదిలి, మాట తేలిక చేద్దామని నవ్వాడు.

"మీ డ్రైవరుకి బండంటే ప్రాణం సార్. ఎండ అంటాడు, బ్యాటరీ అంటాడు, ఇవ్వబుద్ధి కావడంలేదు పాపం. ఏమీ అనకండి సార్."

"నేనేమంటాను? మంచివాడు" అన్నాడు సారు.

సంతకాలు బానెట్ మీదే పెట్టుకున్నారు. రేకు కాలుతోందని పాలవ్యాను డ్రైవరు కాగితాల కింద డ్రైవరు తువ్వాలు అడిగి పరుచుకున్నాడు. బండి గేటు దాటుతుంటే వెనకసీట్లో ఓనరమ్మ వెనక్కి తిరిగి, ఫలానా వాళ్ళకని లేకుండా చెయ్యి ఊపింది. ఎక్కడా తడబడకుండా గేరు మారిన చప్పుడు మలుపు దాకా వినిపించింది.

సారు పెన్ను జేబులో పెట్టుకున్నాడు.

"గోడౌన్‌లో వేరే మనిషిని పెట్టుకున్నారట. పొద్దున్నే ఫోనొచ్చింది" అన్నాడు. "స్పానర్లూ, ఆ నీళ్ళ డబ్బా లోపల పెట్టేసి వెళ్ళు."

షెడ్డులోని కారు మీద గుడ్డ లాగి డ్రైవరు చేతికిచ్చాడు. అతను దాన్ని మడతపెట్టేలోగా కారు వెనక్కి వచ్చి, తిరిగి, వెళ్ళిపోయింది.

*

మధ్యాహ్నం ఎండ కాస్త వాలేసరికి మేట్రనమ్మ నిద్రలేచి మొహం కడుక్కుంది. డ్రైవరు అప్పటికి స్పానర్లు కిరసనాయిలుతో తుడిచి పెట్టెలో సర్దాడు. డబ్బాలో మిగిలిన నీళ్ళు గోడవార పారబోశాడు. అవి నేల మీద పడీపడగానే ఇంకిపోయాయి. సైకిల్ తాళం తీసి, గేటు దాకా నడిపించాడు.

"డ్రైవరూ."

ఇస్త్రీ చీర, చేతిలో సంచి, గొడుగు. గుమ్మంలో నిలబడి చెప్పులేసుకుంటోంది.

"బండి తియ్యి, వెళ్ళొద్దాం. మాట పోయినా దానికి గడియారం పోలేదు. ఆలస్యమైతే అటు తిరిగి పడుకుంటుంది, మొహం చూపించదు."

డ్రైవరు సైకిల్‌కి స్టాండు వేశాడు. సారు చెప్పలేదు. సాయంత్రం చెప్తాడేమో. చెప్పడేమో.

మేట్రనమ్మ వరండా అంచుదాకా వచ్చి గోడ వైపు చూసింది. షెడ్డు వైపు చూసింది. ఆమె చూపు మళ్ళీ అతని మీదికొచ్చేలోగానే అతని నోటివెంట మాట వచ్చేసింది.

"బ్యాటరీకి వెళ్ళిందమ్మా."

"నిన్ననేగా పెట్టావు?"

"అది పాతదమ్మా. కడిగి, లేబుల్ వేసి ఇచ్చారు. ఎండకాగదు. మధ్యదారిలో ఆగిపోతుంది. అందుకని..." గొంతు సవరించుకున్నాడు. "అసలైన కొత్తది పెట్టించుకురమ్మని సారే పంపించారు."

"ఎవర్ని పంపాడు?"

"ఒకతన్ని. అతనూ డ్రైవరే. బాగా తోలతాడు."

మేట్రనమ్మ సంచి ఒడిలో పెట్టుకుని కుర్చీలో కూర్చుంది. గొడుగు గోడకానించింది.

"పోన్లే. ఇన్నాళ్ళకైనా వాడికి బుద్ధొచ్చింది" అంది. "చూశావా, చెప్పగా చెప్పగా చెవికెక్కింది. ఎంతసేపు పట్టొచ్చు?"

"వచ్చేస్తుందమ్మా."

"అయితే చెప్పులు విప్పనులే. మళ్ళీ వంగలేను."

డ్రైవరు గేటు దగ్గరికి వెళ్ళి రోడ్డు వైపు మొహం పెట్టి నిలబడ్డాడు. తారు మీంచి ఆవిర్లు లేస్తున్నాయి. వెనక్కి తిరగలేదు. ఆమె చూస్తూ ఉంటుందని, అప్పుడప్పుడు కంటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, మలుపు దగ్గర ఏదో వస్తున్నట్టు మెడ సాచి చూశాడు.